వంకర వేరు, బీట వేరు

ధమ్మం చదివేవారికి బాణం కొత్త మాట కాదు. చూళమాలుంక్య సుత్తంలో విషబాణం తగిలినవాడి ఉపమానం మనందరికీ తెలుసు. బాణం తీయించుకోకుండా, వేసినవాడిది ఏ కులం, ఏ ఊరు, విల్లు దేనితో చేశారు అని అడుగుతూ కూర్చుంటే ప్రాణమే పోతుంది. సల్ల సుత్తంలోని రెండు బాణాల మాటా తెలుసు. మొదటిది ఒంటికి తగిలే నొప్పి. రెండోది ఆ నొప్పి మీద మనసు తనకు తానే వేసుకునేది. ఈ రెండు చోట్లా కనిపించేది మనిషి ఒంట్లో దిగిన బాణమే.

పాళీ గ్రంథాల్లో ఇంకో బాణం ఉంది. అది ఇంకా ఎవరికీ తగల్లేదు. బాణాలు చేసేవాడి చేతిలో వంకర తీయించుకుంటూ ఉంది. ధమ్మపదంలో చిత్తవర్గం మొదలయ్యేదే ఆ పోలికతో. పండితవర్గంలోనూ, దండవర్గంలోనూ అదే పనివాడు మళ్లీ వస్తాడు. అక్కడ అతని పక్కన పొలానికి నీరు మళ్లించేవాడూ, కొయ్య చెక్కే వడ్రంగీ ఉంటారు. మన ఉపన్యాసాల్లో విషబాణం వచ్చినంత తరచుగా ఈ బాణం రాదు. కానీ చేసిన తప్పుల విషయంలో, చెడిన సంబంధాల విషయంలో, దారి తప్పిన మనుషుల విషయంలో మనకు ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదేనని మేము అనుకుంటున్నాం. పాడైనదాన్ని ఏం చేయాలి? ఎప్పుడు సరిచేయాలి, ఎప్పుడు కోసి అతకాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి? ఇదీ ప్రశ్న.

ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఆయుధం గురించి బౌద్ధులు ఇంత ముచ్చటగా మాట్లాడవచ్చా? ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాలను అంగుత్తర నికాయం చెప్పింది. వాటిలో మొదటిది ఆయుధాల వ్యాపారమే. కాబట్టి చంపడానికి చేసే బాణాన్ని మనం మెచ్చుకోలేం. బుద్ధుడు ఆ పనివాడి దగ్గర నుంచి తీసుకున్నది బాణం వెళ్లే చోటును కాదు, బాణాన్ని సరిచేసే తీరును.

అభ్యాసానికి మాత్రమే వేసే బాణం కూడా ఉంది. బౌద్ధ దేశమైన భూటాన్‌లో విలువిద్య జాతీయ క్రీడ. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ఆ దేశం మొదటిసారి వెళ్లినప్పుడు పంపింది విలుకాళ్లనే. అక్కడి సంప్రదాయ ఆటలో బాణం వెళ్లేది ప్రాణి మీదికి కాదు, సుమారు 140 మీటర్ల దూరంలో నాటిన చిన్న చెక్క పలక మీదికి. మైదానం రెండు చివర్లా పలకలు ఉంటాయి. ఇటు నుంచి వేస్తారు, నడిచి వెళ్లి బాణాలు ఏరుకుంటారు, అటు నుంచి ఇటు వేస్తారు. పలకకు బాణం తగిలితే జట్టంతా పాట అందుకుని అడుగులు వేస్తుంది. ఇప్పుడు బయటి దేశాల నుంచి కప్పీలున్న కొత్త విల్లులు వచ్చాయి. అయినా వెదురు విల్లుతో, వెదురు బాణంతో ఆడే ఆట పోలేదు. తెలుగు నేల మీద కూడా నల్లమల చెంచులకు, గోదావరి అడవుల్లోని కోయలకు విల్లంబులు తాతల నాటి నుంచి తెలిసిన వస్తువులే.

చేత్తో చేసిన బాణం సంగతి కొంచెం వివరంగా చూద్దాం. వివరం లేకపోతే పోలిక గాలిమాట అవుతుంది. బాణం అంటే ఒక కర్ర, ముందు ములుకు, వెనక ఈకలు, చివర నారి పట్టే గాడి. అభ్యాసంలో ఈ నాలుగూ చెడతాయి. పలకలో లోతుగా దిగినదాన్ని పక్కకు వంచుతూ లాగితే ములుకు వెనకే కర్ర విరుగుతుంది. పలక తప్పి రాయికి కొట్టుకుంటే ముందు కొన నలుగుతుంది. గడ్డిలోకి జారితే ఈకలు చిరుగుతాయి. ముందే దిగి ఉన్న బాణానికి వెనక నుంచి ఇంకోటి వచ్చి తగిలితే గాడి చీలుతుంది. కర్రలో నార నిలువునా సాగకుండా ఏటవాలుగా బయటికి పోయి ఉంటే, ఆ చోట చిన్న దెబ్బకే విరుగుతుంది. ఏ దెబ్బా తగలకపోయినా వానాకాలపు చెమ్మకు కర్ర వంగుతుంది.

అంటే అభ్యాసం చేసేవాడికి బాణాలు పాడవక తప్పదు. ఒక్క బాణమూ పాడుచేయకుండా విలువిద్య నేర్చుకున్నవాడు ఉండడు. పాడవుతాయని భయపడి బాణాలను పొదిలోనే దాచుకునేవాడికి విద్య రాదు. శీలం విషయమూ ఇంతే. శీలం తీసుకోవడమంటే ఇక నుంచి ఏ తప్పూ జరగదని హామీ ఇవ్వడం కాదు. పాళీలో దాన్ని శిక్షాపదం అంటాం. అంటే అభ్యాసంలో వేసే అడుగు. అడుగు తడబడవచ్చు. తడబడిన తర్వాత ఏం చేశామన్నదే అభ్యాసికీ, నటించేవాడికీ తేడా.

బాణం పాడైనప్పుడు చేయాల్సిన మొదటి పని మరమ్మతు కాదు, చూడటం. మహాజనక జాతకంలో బాణాలు చేసే ఒక పనివాడు కనిపిస్తాడు. ఒక కన్ను మూసి, రెండో కంటితో కర్ర పొడవునా చూస్తుంటాడు. ఎందుకలా అని మహాజనకుడు అడుగుతాడు. రెండు కళ్లతో చూస్తే చూపు చెదురుతుంది, ఒక కంటితో చూస్తేనే వంకర ఎక్కడుందో తెలుస్తుంది అని అతను జవాబిస్తాడు. ఆ మాట నుంచి రాజు ఏకాంతవాసం గురించిన పాఠం తీసుకుంటాడు. మనం ఇంకో పాఠం కూడా తీసుకోవచ్చు. తప్పును చూసేటప్పుడు ఒక కన్ను తప్పు మీద, రెండో కన్ను పక్కవాళ్లు ఏమనుకుంటారో అన్నదాని మీద ఉంటే తప్పు కనిపించదు.

అయితే కంటికి కనిపించేది వంకర మాత్రమే. బీట చాలాసార్లు కంటికి కనిపించదు. అందుకే కర్ర బాణాలు వాడే విలుకాళ్లు ఇంకో పని చేస్తారు. బాణాన్ని రెండు చివర్లా పట్టుకుని, చెవి దగ్గర పెట్టి, మెల్లగా వంచుతూ తిప్పుతారు. లోపల బీట ఉంటే చిటుక్కుమంటుంది. రాయికి తగిలిన ప్రతి బాణాన్నీ, గురి తప్పిన ప్రతి బాణాన్నీ మళ్లీ నారికి ఎక్కించే ముందు ఇలా చూస్తారు. నారి వదిలిన క్షణంలో కర్ర మీద బరువంతా ఒక్కసారి పడుతుంది, కర్ర ఊగుతుంది. బీట ఉన్న కర్ర ఆ క్షణంలోనే పగులుతుంది. పగిలిన పేడు దూసుకుపోయేది పలకలోకి కాదు, విల్లు పట్టుకున్న చేతిలోకి.

బుద్ధుడు రాహులుడికి అంబలట్ఠికలో చెప్పిన పాఠం ఇటువంటి పరీక్షే. పని చేసే ముందు చూసుకో, చేస్తున్నప్పుడు చూసుకో, చేసిన తర్వాత కూడా చూసుకో. చేసినది తనకో, ఎదుటివారికో హాని అయిందని తేలితే తెలిసినవారి ముందు బయటపెట్టు, ఇక ముందు జాగ్రత్తపడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఈ ఉపదేశాన్ని భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినాలని అశోకుడు తన బైరాట్ శాసనంలో కోరాడు. సత్యం చెప్పడం గురించిన ఉపదేశంలోనే ఈ పరీక్ష రావడం మనం గమనించాలి. చూసినది దాచితే చూసినట్టు కాదు.

ఇక చూసిన తర్వాత మూడు సంగతులు తేలవచ్చు. కర్ర వంగి ఉండవచ్చు, బీట వారి ఉండవచ్చు, విరిగి ఉండవచ్చు. ఈ మూడింటికీ మూడు వేరు వేరు పనులు. మనుషుల విషయంలో జరిగే అన్యాయాల్లో చాలా భాగం ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే జరుగుతున్నాయన్నది మా అభిప్రాయం.

మొదట వంకర. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నది మన సామెత. పిల్లల పెంపకం గురించి అది నిజమే కావచ్చు. కానీ బాణాలు చేసేవాడు రోజూ చేసే పని ఈ సామెతను దాటిపోతుంది. అతని చేతిలోది మొక్కా కాదు, మానూ కాదు. నరికి, ఎండబెట్టి, చెక్కిన కర్ర. అదీ వంగుతుంది. కాస్త వేడి చూపించి, వంపు మీద బొటనవేలు ఆనించి, మెల్లగా నొక్కి, చల్లారేదాకా పట్టుకుంటే వంకర పోతుంది. బలం ఎక్కువైతే విరుగుతుంది. వేడి ఎక్కువైతే మాడుతుంది. ధమ్మపద అట్ఠకథలో ఏడేళ్ల పండిత సామణేరుడు సారిపుత్త థేరుడి వెంట భిక్షకు వెళ్తూ దారిలో ఈ పని చూస్తాడు. ఆ కర్రకు మనసు ఉందా అని అడుగుతాడు. లేదని థేరుడు చెబుతాడు. మనసు లేనిదాన్నే సరిచేయగలిగినప్పుడు మనసున్నవాడు తన మనసును ఎందుకు సరిచేసుకోలేడని ఆ పిల్లవాడికి తోస్తుంది.

మజ్ఝిమ నికాయంలోని దేవదహ సుత్తం ఇంకో ముఖ్యమైన మాట చెబుతుంది. బాణాలు చేసేవాడు కర్రను రెండు కొరివుల నడుమ వేడి చేసి సరిచేస్తాడు. సరి అయిన తర్వాత ఇక వేడి చేయడు. ఎందుకు చేస్తాడు? వేడి చేసిన పని నెరవేరింది కదా. ఒంటిని ఊరికే బాధపెట్టుకునే తపస్సులకు జవాబుగా వచ్చిన పోలిక ఇది. శిక్షకు కూడా ఇదే వర్తిస్తుంది. శిక్ష సరిచేయడానికైతే దానికి ఒక అంతం ఉండాలి. సరి అయిన మనిషిని మళ్లీ మళ్లీ నిప్పు మీద పెట్టేవాడు సరిచేసేవాడు కాదు, కాల్చేవాడు.

మన బస్తీల్లో, మన విహారాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఒక యువకుడు పంచశీల తీసుకుంటాడు. కొన్ని నెలలకు పాత స్నేహాల్లో పడి మళ్లీ తాగుతాడు. మర్నాటి నుంచి అతని పేరు తాగుబోతు. పౌర్ణమి వందనకు వస్తే పక్కవాళ్లు మొహం తిప్పుకుంటారు. తాగుడు మానేసి ఏళ్లు గడిచినా పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఆ సంగతే ముందు చెబుతారు. అతనిది వంకర. తీయగలిగిన వంకర. మనం దాన్ని విరిగిన కర్రగా లెక్కగట్టి పారేశాం. అతను మళ్లీ రాకపోతే "మేం ముందే అనుకున్నాం" అంటాం. మనం మెల్లగా నొక్కాల్సిన చోట ఒక్కసారిగా విరిచిన సంగతి ఎవరూ చెప్పరు.

రెండోది బీట. ఇక్కడ మన తప్పు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. బీట ఉన్న బాణం చూడటానికి తిన్నగానే ఉంటుంది. రంగు బాగుంటుంది, ఈకలు నిక్కి ఉంటాయి. వంకర బాణం కంటే అదే అందంగా కనిపించవచ్చు. అందుకే దాన్ని వాడుతూ పోతాం. సంఘం డబ్బు లెక్క చెప్పని పెద్దమనిషి, ఇంట్లో భార్యను కొట్టి వేదిక మీద మైత్రి గురించి మాట్లాడే వక్త, దానం తెచ్చాడు కాబట్టి ఎవరూ నోరెత్తని దాత, వీళ్లందరూ తిన్నగా కనిపించే బాణాలే. వంచి వినే ధైర్యం మనకు ఉండదు. చిటుక్కుమన్నా విననట్టే ఉంటాం. చివరికి ఒకనాడు నారి వదిలినప్పుడు సంఘం చేతిలోనే పగులుతుంది.

బీటకు మందు జిగురు పూయడం కాదు. పైన జిగురు పూసి, దారం చుట్టి, రంగు వేస్తే బీట కనిపించకుండా పోతుంది, లోపల అలాగే ఉంటుంది. ముందు వైపు చెడిన కర్రను నిజంగా బాగుచేయాలంటే చెడిన భాగాన్ని పూర్తిగా కోసేయాలి. గట్టి కర్ర తగిలేదాకా వెనక్కి రావాలి. ఆ తర్వాత గట్టి చేవ ముక్కను కోణంగా చెక్కి, కర్రలో అంతే కోణంగా గాడి తీసి, రెండూ సందు లేకుండా కూర్చి అతకాలి. ఇలా వేసిన అతుకు చాలాసార్లు పాత కర్ర కంటే గట్టిగా ఉంటుంది. కానీ అది కనిపిస్తుంది. రంగు తేడా ఉంటుంది, ముందు వైపు బరువు పెరుగుతుంది. అది ఇక పాత బాణంలా ఎగరదు. అది ఏ బాణమో విలుకాడు గుర్తు పెట్టుకుని, దాని బరువుకు తగ్గట్టు గురి చూస్తాడు.

వినయ పిటకం ఈ సంగతిని ఎంత స్పష్టంగా గుర్తించిందో చూడండి. భిక్షువుకు సంఘాదిసేస దోషాలు 13. వాటిలో ఏదైనా చేసినవాడు 6 రాత్రులు మానత్తం పాటించాలి. దోషాన్ని దాచి ఉంటే, ఎన్ని రోజులు దాచాడో అన్ని రోజులు ముందుగా పరివాసం ఉండాలి. అన్నీ పూర్తయ్యాక కనీసం 20 మంది భిక్షువుల సంఘం అతన్ని తిరిగి చేర్చుకుంటుంది. అంటే దోషానికి ఒక లెక్క, దాచినందుకు వేరే లెక్క. తిరిగి చేర్చుకునేది కూడా చాటుమాటుగా కాదు, 20 మంది ఎదుట. అతుకు కనిపించాలి. చేర్చుకున్న తర్వాత మాత్రం అతను మామూలు భిక్షువే. 2,500 ఏళ్ల కిందటి సంఘం చేసిన ఈ ఏర్పాటు ముందు, మన సంఘాలు "ఇల్లు గుట్టు" అంటూ కప్పిపెట్టే పద్ధతి ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

వంకరా బీటా అన్న పరీక్ష మనుషులకే కాదు, వ్యవస్థలకూ పెట్టాలి. బాబాసాహెబ్ జీవితాన్ని మేము ఈ విధంగా కూడా చదువుతాం. 1927లో మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నారు. 1930లో నాసిక్‌లో కాలారాం గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహం నడిపించారు. ఇవి వంకర తీసే ప్రయత్నాలు. వేడి చూపించి, నొక్కి, కర్ర వంగుతుందేమో చూశారు. వంగలేదు. లోపలి బీట చప్పుడు వినిపించింది. 1935లో యెవలాలో, హిందువుగా పుట్టడం తన చేతిలో లేకపోయినా హిందువుగా చావనని ప్రకటించారు. ఆ తర్వాత 21 ఏళ్లు గట్టి కర్ర కోసం వెతికారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. ఆయన తొందరపడి పారేశారని ఎవరూ అనలేరు. పరీక్షించకుండా మొక్కుతూ ఉండిపోయారనీ అనలేరు. ఆయన అనుచరులమని చెప్పుకునే మనం అదే పరీక్షను మన సంఘాలకు పెట్టకపోతే, ఆయన చేసిన పనిలో సగమే నేర్చుకున్నట్టు.

మూడోది విరుపు. కొన్ని బాణాలు మళ్లీ నారికి ఎక్కవు. నడిమికి విరిగినదాన్ని ఎంత బాగా అతికినా నమ్మడానికి లేదు. వినయంలో ఇటువంటివి నాలుగు, వాటి పేరు పారాజికలు. వాటికి చెప్పిన పోలికలు తల తెగిన మనిషి, తొడిమ నుంచి రాలిన పండుటాకు, రెండుగా పగిలిన బండ, మొవ్వు నరికిన తాడిచెట్టు. ఆ జన్మకు అతను మళ్లీ భిక్షువు కాలేడు. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ అతను ఉపాసకుడిగా ఉండటానికి అడ్డు లేదు, దానశీలాలకు అడ్డు లేదు. కొనలో విరిగిన పొడవాటి బాణాన్ని కురచ చేస్తే పెద్దవాడికి పనికిరాదు. పూర్తిగా లాగితే ములుకు వెనక్కి వచ్చి చేతిలో దిగుతుంది. చేతులు చిన్నవైన పిల్లవాడికి మాత్రం అది సరిపోతుంది. అన్నిటినీ పాత చోటికే చేర్చాలనుకోవడం కరుణ కాదు. తగిన చోటు వెతకడం కరుణ.

అసలైన కష్టం ఇక్కడ ఉంది. మనం పాడుచేసేది బాణాన్ని మాత్రమే కాదు. మహాభారతంలో ద్రోణుడు ఏకలవ్యుడి నుంచి అడిగినది బాణం కాదు, కుడిచేతి బొటనవేలు. బాణానికి అతుకు ఉంది, వేలికి లేదు. దీనికి ఎదురుగా సంయుత్త నికాయంలో ఇస్సత్థ సుత్తం ఉంది. యుద్ధానికి విలుకాళ్లు కావలసి వస్తే ఎవరిని తీసుకుంటావని బుద్ధుడు పసేనది రాజును అడుగుతాడు. విద్య నేర్చినవాణ్ణే తీసుకుంటానని, అతను నాలుగు వర్ణాల్లో ఏ వర్ణంలో పుట్టినా సరేనని రాజు ఒప్పుకుంటాడు. ఒక కథలో పుట్టుక విద్యను నరికింది. ఇంకో చోట విద్య ముందు పుట్టుక లెక్కలోకి రాలేదు.

వేలు పోయినవాడి దగ్గరకు వచ్చి "జరిగిందేదో జరిగింది, మరిచిపో" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దాన్ని సఖ్యత అంటారు, క్షమ అంటారు. మరమ్మతు ఖర్చు దెబ్బతిన్నవాడి మీద వేయడం అది. అంగులిమాలుడి కథ ఇందుకు భిన్నం. ఎన్నో ప్రాణాలు తీసిన మనిషి భిక్షువయ్యాడు, అర్హంతుడయ్యాడు. అయినా భిక్షకు వెళ్లినప్పుడు రాళ్లూ కర్రలూ తగిలి, తల పగిలి నెత్తురు కారుతూ, పాత్ర పగిలి, చీవరం చిరిగి తిరిగి వచ్చాడు. ఓర్చుకో అని బుద్ధుడు చెప్పింది అతనికి. చనిపోయినవారి బంధువులను మరిచిపొమ్మని కబురు పంపలేదు. మారిన మనిషి మారినట్టే. పోయిన ప్రాణాలు పోయినట్టే. ఈ రెండూ ఒకేసారి నిజం. ఒకటి ఒప్పుకుని రెండోది కాదనేవాడి ధమ్మం కుంటిది.

అందుకే అతకలేనివి ఉన్నాయని తెలియడమే మన చేతిని నిదానపరచాలి. కర్రను సరిచేయడం నేర్చినవాడు వేసేటప్పుడు కూడా జాగ్రత్తపడతాడు. ఒక్కో బాణం వెనక ఎంత పని ఉందో అతనికి తెలుసు. మరమ్మతు తెలియనివాడికి పారేయడం తేలిక, కాబట్టి విరవడమూ తేలికే.

భిక్షు సంఘం అమావాస్యకూ పౌర్ణమికీ కూడి పాతిమొక్ఖం చెప్పుకుంటుంది. అది 15 రోజులకోసారి బాణాలను చెవి దగ్గర పెట్టి వినడం లాంటిదే. ఉపాసకులకు అటువంటి నియమం లేకపోయినా అటువంటి అలవాటు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే పౌర్ణమి వందన తర్వాత మన సంఘంలో జమాఖర్చులు పైకి చదవవచ్చు. రావడం మానేసిన మనిషి ఇంటికి ఇద్దరు వెళ్లి పలకరించవచ్చు. మన వల్ల దెబ్బతిన్నవారు ఎవరైనా ఉంటే, వాళ్లను ఓర్చుకోమనకుండా, ఏం చేస్తే న్యాయమో వాళ్లనే అడగవచ్చు. ఈ మూడు పనులకూ పెద్ద పాండిత్యం అవసరం లేదు. ఒక కన్ను మూసి తిన్నగా చూడటం వస్తే చాలు.